పొగ పోయినంత మాత్రమున బానిసత్వము పోవునా?

విదేశములలో స్థిరపడిన పిల్లలను గురించి తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "మావాడు సిగరెట్లు మానివేసి ఎలక్ట్రానిక్ సిగరెట్టు పట్టినాడు. ఇక చింత లేదు గదా?" దీనికి ఒక్క మాటలో సమాధానము చెప్పుట తగదు. ధూమపానములో రెండు ముడులు ఉన్నవి. ఒకటి పొగ, రెండవది నికోటిన్. ఈ యంత్రము మొదటి ముడిని విప్పును. రెండవది అట్లే ఉండును. కొందరిలో మరింత బిగియును.

పొగ చేయు పని, నికోటిన్ చేయు పని

సిగరెట్టు కాలినప్పుడు తారు, కార్బన్ మోనాక్సైడ్ మొదలైన విషములు పుట్టును. కాన్సరు, గుండెపోటు, ఊపిరితిత్తుల వ్యాధులు ప్రధానముగా ఈ పొగ వలననే కలుగును. నికోటిన్ పని వేరు. పీల్చిన 10 నుండి 20 సెకనులలో అది మెదడును చేరి క్షణకాలపు హాయిని కలిగించును. రక్తములో దాని పరిమాణము సుమారు 2 గంటలలో సగమగును. అంతట చిరాకు, అస్థిమితము మొదలగును. మరల పీల్చగానే అవి తగ్గును. సిగరెట్టు తనకు శాంతినిచ్చునని తలచువాడు, అది తెచ్చిన బాధనే అది తీర్చుచున్నదని గ్రహించవలెను.

ఎలక్ట్రానిక్ సిగరెట్టులో కాలునది ఏదియు లేదు. బ్యాటరీ వేడికి నికోటిన్ కలిపిన ద్రవము ఆవిరియగును. కనుక సిగరెట్టును పూర్తిగా విడిచి దీనికి మారినవారికి హాని చాల తగ్గును. హాని బొత్తిగా లేదనుట మాత్రము సరికాదు. పగలు యంత్రము, రాత్రి సిగరెట్టు అనువానికి లాభము స్వల్పము.

ఇంగ్లండులో తేలిన సత్యము

ఇంగ్లండులో 886 మంది ధూమపాయులపై జరిగిన పరిశోధన ఫలితములు 2019లో వెలువడినవి. ఎలక్ట్రానిక్ సిగరెట్టు తీసికొన్నవారిలో ఒక సంవత్సరము తరువాత నూటికి 18 మంది సిగరెట్టుకు దూరముగా ఉన్నారు. నికోటిన్ పట్టీలు, చూయింగ్ గమ్ వంటివి వాడినవారిలో దూరముగా ఉన్నవారు నూటికి సుమారు 10 మందియే. అయితే అట్లు మానినవారిలో యంత్రము పట్టిన నూటికి 80 మంది ఏడాది గడిచినను దానిని విడువలేదు. పట్టీలు, గమ్ములతో మానినవారిలో వాటిని ఇంకను వాడుచున్నవారు నూటికి 9 మంది మాత్రమే.

ముడి ఎందుకు బిగియును?

సిగరెట్టుకు ఒక అంతము ఉన్నది. పది పన్నెండు దమ్ములతో అది ఆరిపోవును. యంత్రమునకు అంతము లేదు, బూడిద లేదు, ఘాటైన వాసన లేదు. పడకగదిలో, స్నానాలగదిలో ఎప్పుడైనను పీల్చవచ్చును. పైగా నేటి ద్రవములలో నికోటిన్ లవణ రూపమున ఉండును. అది గొంతును మండించదు గనుక గాఢత ఎక్కువైనను తెలియదు.

తన కట్టు ఎంత బలమైనదో ఎవరికి వారే పరీక్షించుకొనవచ్చును. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి దమ్ము కావలెను? 5 నిమిషములలోనే అయినచో కట్టు మిక్కిలి బలమైనది. గంట దాటినచో బలహీనమైనది.

చరకుడు చూపిన క్రమము

చరక సంహిత సూత్రస్థానము 7వ అధ్యాయములో, అలవాటైన అహితమును నాలుగవ వంతు చొప్పున విడిచి, ఆ స్థానములో హితమును అదే క్రమమున అలవరచుకొనవలెనని చెప్పబడినది. చరకుని కాలమున మన దేశములో పొగాకు లేదు. అది పోర్చుగీసువారితో వచ్చినది. ఆయన చెప్పిన ధూమపానము మూలికలతో చేయు చికిత్స. దానిని సిగరెట్టుకు సమర్థనగా చూపరాదు.

ఈ క్రమమును యంత్రమునకు నేనిట్లు అన్వయింతును. బ్రిటనులో ద్రవపు గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు మించరాదు. సరిగా నాలుగవ వంతు తగ్గిన సీసాలు దొరకుట కష్టము గనుక 20 నుండి 12కు, పిదప 6కు, 3కు, చివరకు సున్నకు దిగవలెను. ఒక్కొక్క మెట్టుపై 3, 4 వారములు నిలువవలెను. మరల సిగరెట్టు వైపు మనసు లాగినచో ఆ మెట్టుపైననే మరికొంత కాలము ఆగుట మేలు.

ఇందులో ఒక మోసము ఉన్నది. గాఢత తగ్గగానే తెలియకుండ ఎక్కువగా పీల్చుదురు. 20 గాఢతగల ద్రవము రోజుకు 2 మిల్లీలీటర్లు వాడినచో 40 మిల్లీగ్రాములు. 12 గాఢతగలది మూడున్నర మిల్లీలీటర్లు వాడినచో 42 మిల్లీగ్రాములు! తగ్గినది సీసాపై అంకె మాత్రమే. కనుక రోజువారీ వాడకమును పుస్తకములో వ్రాసుకొనవలెను.

గృహోపచారములు

కోరిక ఉధృతి కొద్ది నిమిషములే ఉండును. ఆ సమయమున సోపు, ఏలకి లేక లవంగము నోట ఉంచుకొని, చల్లని నీరు గుక్కగుక్కగా త్రాగి, నిదానముగా శ్వాస తీయవలెను. ఇవి చేతికి, నోటికి పని కల్పించునే గాని నికోటిన్ కట్టును తెంపునవి కావు. వక్కపొడి, జర్దాల జోలికి పోరాదు. మలబద్ధకము కలిగినచో రాత్రివేళ 3 గ్రాముల త్రిఫల చూర్ణమును గోరువెచ్చని నీటితో తీసికొనవచ్చును. గర్భిణులు దానిని వాడరాదు. సిగరెట్టు మానిన తరువాత కాఫీ ప్రభావము శరీరములో ఎక్కువసేపు నిలుచును. నిద్ర పట్టనివారు కాఫీని సగము చేయవలెను.

మన దేశములోని వారికి

ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకము 2019 నుండి మన దేశములో చట్టరీత్యా నిషిద్ధము. విదేశము నుండి వచ్చువారు కానుకగా తేరాదు. ఇక్కడివారికి నికోటిన్ గమ్ములు, పట్టీలు, వైద్యుడు వ్రాయు మాత్రలు ఉన్నవి. 1800-11-2356 అను జాతీయ టెలిఫోను సేవకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడిగియే ఏదైనను వాడవలెను.

ఇంటివారికి ఒక మనవి. సిగరెట్టు విడిచినవానిని "ఇంకను ఆ గొట్టము వదలలేదా" అని ఎత్తిపొడువవలదు. అతడు ఒక ముడి విప్పినాడు. ఈ నెల ఏ మెట్టుపై ఉన్నావని ఆప్యాయముగా అడుగుడు. రెండవ ముడి విప్పుకొనుటకు అది తోడ్పడును.