ఫిర్యాదు చేశాక ఏమవుతుంది?

ప్రశ్న: పక్కింటివారు సెట్‌బ్యాక్ వదలకుండా మా ప్రహరీకి ఆనించి గోడ లేపుతున్నారు. ఫిర్యాదు చేసి వారమైంది. ఎందుకు కూల్చరు?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ బాధ న్యాయమైనదేనమ్మా. సెట్‌బ్యాక్‌గా వదలాల్సిన ఆ ఖాళీయే రెండిళ్లకూ గాలీ వెలుతురూ. కానీ ఫిర్యాదు అందగానే కూల్చడం కుదరదు. టౌన్ ప్లానింగ్ సిబ్బంది మంజూరైన ప్లాన్ చేతబట్టి, టేపుతో కొలిచి చూడాలి. తేడా ఉంటే షోకాజ్ నోటీసు, యజమాని వివరణ, ఆపైనే కారణాలు రాసిన ఉత్తర్వు. కూల్చివేతకు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి చోట్ల ఆక్రమణలకు ఆ వెసులుబాటు లేదు. మీరు మాత్రం ఆగకండి. స్లాబు పడకముందే ఫొటోలు తీయండి, ఫిర్యాదు రాసిచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు కింద ఆ ప్లాన్ నకలు కూడా అడగండి.