పరాయి దేశంలో డిస్‌ప్లే పోతే: తిరుపతి, చిత్తూరు నుంచి చదువుకు వెళ్లే పిల్లలకు

పై చదువుకు వెళ్లినవాళ్లకు ఆగస్టులో క్లాసులు మొదలైతే సెప్టెంబరు చివరికి అసైన్‌మెంట్లు మీద పడతాయి. ఆ ఒత్తిడిలో ఒక రాత్రి ల్యాప్‌టాప్ పవర్ బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది గానీ డిస్‌ప్లే రాదు. తిరుపతిలో అయితే తెలిసిన షాపు అన్నకు ఇచ్చి వస్తాం. పార్టు ఇక్కడ లేకపోతే ఆయనే చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి తెప్పిస్తాడు. కొత్త దేశంలో ఆ ఆసరా ఉండదు. కంగారులో చాలామంది లోన్ డబ్బుతో ఇంకో ల్యాప్‌టాప్ కొనేస్తారు. ఆ పని చేయకండి. డిస్‌ప్లే పోయినంత మాత్రాన మిషను పోయినట్టు కాదు. ఏది పోయిందో అరగంటలో మీరే తేల్చుకోవచ్చు.

బయల్దేరే ముందు

ఛార్జర్ మీద ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్టులు అని ఉందా చూడండి. ఉంటే అమెరికాలోని 120 వోల్టులకైనా యూరప్‌లోని 230కైనా అదే పనిచేస్తుంది. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టర్ ఉంటే చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. ఒక హెచ్‌డిఎంఐ కేబుల్ కూడా పెట్టెలో వేసుకోండి. డిస్‌ప్లే పోయిన రోజు మిమ్మల్ని ఆదుకునేది అదే.

వారంటీ మీరు వెళ్లే దేశంలో చెల్లుతుందో లేదో సీరియల్ నంబరుతో కంపెనీ సైట్లో ఊళ్లో ఉండగానే చూసుకోండి. కొన్నిటికి ముందే రిజిస్టర్ చేసుకోవాలి. బిల్లును ఫోటో తీసి మెయిల్లో ఉంచుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది రికవరీ కీ. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డ్రైవుకు దానంతట అదే తాళం పడుతుంది. రిపేరులో మదర్‌బోర్డు మార్చితే 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది. ప్రింటు తీసి పాస్‌పోర్టు కాపీలతో కలిపి పెట్టండి. అకౌంట్ షాపువాళ్ల మెయిల్‌తోనో అన్న మెయిల్‌తోనో తెరిచి ఉంటే ఇప్పుడే మీ పేరుకు మార్చుకోండి. ఓటీపీ ఇండియా నంబరుకే వచ్చేలా ఉంటే, అక్కడ సిమ్ పనిచేయని రోజున బయటే నిలబడాల్సి వస్తుంది.

ల్యాప్‌టాప్‌నూ పవర్ బ్యాంకునూ చేతి సంచిలోనే పెట్టండి. పవర్ బ్యాంకును చెక్-ఇన్ సామాన్లలో పెట్టనివ్వరు. ఇంట్లోవాళ్లు ప్రేమగా ఇచ్చే ఊరగాయ సీసాలూ లడ్డూ డబ్బాలూ ల్యాప్‌టాప్ మీద బరువు పడేలా సర్దకండి. స్క్రీన్ పగలడానికి ఆ ఒత్తిడి చాలు. కీబోర్డు మీద పెన్ను గానీ ఇయర్‌ఫోన్ గానీ మరిచిపోయి మూత వేసినా అంతే.

డిస్‌ప్లే రాకపోతే ఈ వరుసలో చూడండి

1. ఛార్జర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ తీసేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని వదలండి. మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. చాలాసార్లు ఇక్కడితోనే తేలిపోతుంది.

2. రాకపోతే క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే మిషను బతికే ఉంది. మీరు నొక్కకుండానే ఆ లైటు వరుసగా మినుకుతుంటే అది కంపెనీ పెట్టిన సంకేతం. ఎన్నిసార్లు మినుకుతోందో లెక్కపెట్టి కంపెనీ సైట్లో అర్థం చూడండి.

3. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ తిరిగి మొదలవుతుంది. బ్రైట్‌నెస్ కీ కూడా పెంచి చూడండి.

4. గది లైటు ఆర్పి, ఫోన్ టార్చిని స్క్రీన్ మీద ఏటవాలుగా వేయండి. లోపల బొమ్మ మసకగా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్ మాత్రమే.

5. ఇప్పుడు హెచ్‌డిఎంఐ కేబుల్‌తో టీవీకి గానీ మానిటర్‌కు గానీ కలపండి. విండోస్, పి కలిపి నొక్కి చూడండి. అక్కడ బొమ్మ వస్తే బోర్డు బాగుంది, లోపం స్క్రీన్‌లోనో దాని కేబుల్‌లోనో ఉంది. అక్కడా రాకపోతే ర్యామ్ గానీ బోర్డు గానీ అయి ఉండొచ్చు. వారంటీ ఉంటే మీరు విప్పకండి.

డెల్ ల్యాప్‌టాప్ అయితే డి కీ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి. తెర నిండా రంగులు ఒకదాని తర్వాత ఒకటి శుభ్రంగా వస్తే స్క్రీన్ బాగున్నట్టే.

గీతలు, మినుకు, నల్ల మరక

గీతలు కనిపిస్తే ఒక స్క్రీన్‌షాట్ తీసి ఫోనులో చూడండి. అందులోనూ గీతలుంటే లోపం డ్రైవర్‌దో గ్రాఫిక్స్‌దో. ఫోనులో శుభ్రంగా ఉంటే లోపం స్క్రీన్ వైపు ఉంది. మూతను మెల్లగా ముందుకూ వెనక్కూ వంచినప్పుడు గీతలు వచ్చి పోతుంటే హింజ్ గుండా వెళ్లే కేబుల్‌ను అనుమానించాలి. కేబుల్ మార్చడం స్క్రీన్ మార్చడం కన్నా చౌక.

స్క్రీన్ మినుకుతుంటే టాస్క్ మేనేజర్ తెరవండి. అది కూడా మినుకుతుంటే డ్రైవర్ లోపం. అది నిలకడగా ఉండి మిగతావి మినుకుతుంటే ఏదో యాప్ లోపం. సిరా ఒలికినట్టు నల్ల మరక పాకుతుంటే మాత్రం లోపల పగిలింది. స్క్రీన్ మార్చక తప్పదు.

40 డిగ్రీల ఎండ తెలిసిన మనకు మంచు దేశాల్లో ఇంకో జాగ్రత్త కావాలి. మైనస్ 10 చలిలోంచి వెచ్చని గదిలోకి రాగానే ల్యాప్‌టాప్‌కు చెమ్మ పడుతుంది. సంచిలోంచి తీయకుండా అలాగే ఉంచి, గది వేడికి వచ్చాకే ఆన్ చేయండి.

చదువు ఆగకుండా

డిస్‌ప్లే పోయిన రాత్రే ప్రొఫెసర్‌కు మెయిల్ రాయండి. సార్‌ను ఇబ్బంది పెట్టడమేమిటని మనవాళ్లు మొహమాటపడి గడువు దాటాక చెబుతారు. మార్కులు పోయేది ఆ ఆలస్యంలోనే. ఏమైంది, ఇప్పటిదాకా ఎంత పని అయింది, ఏ రోజుకు ఇవ్వగలరు, ఈ మూడు మాటలు గడువుకు ముందే రాస్తే వినే ప్రొఫెసర్లు చాలామంది ఉంటారు. యూనివర్సిటీ ఐటీ హెల్ప్‌డెస్క్‌లో అడగండి. చాలా యూనివర్సిటీ లైబ్రరీలు ల్యాప్‌టాప్‌లు అరువిస్తాయి.

మన షాపు అన్నకు వీడియో కాల్ కూడా చేయొచ్చు. అక్టోబరులో న్యూయార్క్‌లో అర్ధరాత్రి 12:30 అంటే తిరుపతిలో ఉదయం 10. పై పరీక్షలు చేసి చూపిస్తే, అక్కడివాళ్లు చెప్పిన రిపేరు న్యాయమో కాదో ఆయన చెప్పగలడు.

రిపేరుకు ఇచ్చేటప్పుడు

ల్యాప్‌టాప్ మీద ఏ కంపెనీ పేరున్నా, లోపలి స్క్రీన్ తయారుచేసేది ఎక్కువగా బిఒఇ, ఎయుఒ, ఎల్‌జి డిస్‌ప్లే, ఇనోలక్స్ లాంటి కొద్ది సంస్థలే. స్క్రీన్ వెనక స్టిక్కర్ మీద దాని నంబరు ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ మోడల్ అక్కడ అమ్మకపోయినా ఆ నంబరుతో స్క్రీన్ దొరికే వీలుంది. 30 పిన్నులా 40 పిన్నులా అన్నది కూడా సరిపోవాలి.

అమెరికాలో రిపేరు హక్కు చట్టాలు న్యూయార్క్‌లో 2023 డిసెంబరు చివర్లో, కాలిఫోర్నియా, మిన్నెసోటాలలో 2024 జులై 1న అమల్లోకి వచ్చాయి. కొత్త మోడళ్ల విడిభాగాలనూ మాన్యువళ్లనూ కంపెనీలు బయటి షాపులకూ అందుబాటులో ఉంచాలి. అందుకని కంపెనీ సెంటర్ చెప్పిన రేటు ఒక్కటే విని ఒప్పుకోకండి, బయట ఒక షాపులో కూడా అడగండి. యూరప్‌లో, బ్రిటన్‌లో ఉంటే దగ్గర్లో రిపేర్ కేఫ్ ఉందేమో చూడండి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టిన్ పోస్ట్మా మొదలుపెట్టిన ఈ పద్ధతిలో, పని తెలిసిన వాలంటీర్లు మీ పక్కన కూర్చుని బాగుచేయిస్తారు. పని నేర్చుకోవచ్చు, నలుగురు పరిచయమవుతారు కూడా.

ఇచ్చే ముందు టీవీకి కలిపి ఫైళ్లన్నీ క్లౌడ్‌లో పెట్టుకోండి. ఖర్చు రాతలో తీసుకోండి. పాస్‌వర్డు ఎవరికీ రాసివ్వకండి. స్క్రీన్ మార్చడానికి దాని అవసరం లేదు.

రేటు మరీ ఎక్కువైతే, పగిలిన స్క్రీన్‌ను అలాగే ఉంచి పాత మానిటర్ ఒకటి కొని కలుపుకోండి. గదిలో ఆ సెమిస్టర్ నడిచిపోతుంది. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు ఇక్కడ మార్పించుకోవచ్చు. తర్వాత మానిటర్‌నూ కేబుల్‌నూ అమ్మేయకండి, గదిలోనే ఉంచండి. వచ్చే ఆగస్టులో చెన్నైలో విమానం ఎక్కి మీ గదికి చేరే తమ్ముడికో చెల్లెలికో మొదటి సెమిస్టర్లోనే వాటితో పని పడొచ్చు.