కుంటిచక్రము చూపిన తెల్లమన్ను

అంగారకగ్రహముపై గూసెవ్ బిలము పూర్వము నీటితో నిండియుండెనని తలచి, అమెరికావారు 2004 జనవరిలో స్పిరిట్ అను యంత్రశకటము నచ్చట దింపిరి. తీరా చూడగా దిగినచోట నంతయు అగ్నిపర్వతపు నల్లరాయియే! 2006లో శకటము ఆఱు చక్రములలో నొకటి తిరుగుట మానెను. శాస్త్రజ్ఞులు వేఱు దారి లేక బండిని వెనుకకు నడపుచు, చెడిన చక్రము నీడ్పించిరి. అది నాగటికఱ్ఱువలె నేలను చీల్చెను. 2007లో ఆ చాలున తెల్లని మన్ను బయటపడెను. పరీక్షింపగా నందు నూటికి 90 పాళ్లు సిలికా. సిలికా యరుదైనది కాదు. మన యేటియిసుకలో నున్నదియు నదియే. కాని యంత శుద్ధముగా నొకచోట చేరుటకు వేడినీరో, ఆవిరియో పనిచేసి యుండవలెను. భూమిపై వేడినీటిబుగ్గల చెంత నిట్టి మన్ను కలదు; అచ్చట సూక్ష్మజీవులును బ్రదుకును. స్పిరిట్ 2009లో ఇసుకలో దిగబడెను. 2010 మార్చి తరువాత దానినుండి వార్త రాలేదు.