పేరు పెట్టి పిలుచు కాపరి

పాఠ్యభాగము: యోహాను 10:1–5



పాతకాలపు ఘనమైన రైలు పెట్టెలకు ఇత్తడితో చిన్న నమూనాలు చేయుదురు. వెల యిచ్చి కొని, అద్దాల బీరువాలలో దాచుకొనువారు అమెరికాలో అనేకులు కలరు. రెండవ ప్రపంచ యుద్ధము తరువాత జపాను పనివారు ఇత్తడి రేకుతో భాగములు చేసి, టంకముతో అతికి, వీటిని ఆ దేశమునకు పంపిరి. ఎక్కువగా వాడు కొలతలో అసలు పెట్టె 87 అడుగులైతే నమూనా ఒక్క అడుగే. 80 అడుగుల పెట్టె 11 అంగుళములగును. కిటికీలు, మెట్లు, చక్రములు అన్నియు ఆ లెక్కకే తగ్గవలెను.

ఇట్లు నమూనాలుగా చేయబడినవాటిలో పుల్‌మన్ పెట్టెలు పేరుపొందినవి. జార్జ్ పుల్‌మన్ 1867లో స్థాపించిన కంపెనీ వాటిని నడిపెను. పగటి ఆసనములు రాత్రి పడకలగును. క్రింద తివాచీలు, చుట్టును నగిషీ కొయ్యపని.

అయితే ఆ కొలతలకు అందనిది ఒకటి కలదు. పక్కలు పరచి, బూట్లు తుడిచి, రాత్రివేళ మేలుకొని పరిచర్య చేసిన పోర్టర్లు నల్లజాతివారు. 1865లో బానిసత్వము రద్దయిన పిమ్మట, విడుదల పొందిన అనేకులు ఆ పనిలో చేరిరి. ప్రయాణికులు వారి పేరడుగక, ఎవరినైనను “జార్జ్” అని కంపెనీ యజమాని పేరుతోనే పిలిచెడివారు. దొర పేరుతో బానిసను పిలుచు పాత అలవాటది. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వమున పోర్టర్లు సంఘముగా కూడిరి. పండ్రెండేండ్లు పాటుపడి, 1937లో జీతమును పనిగంటలను గూర్చి కంపెనీతో ఒడంబడిక సాధించిరి.

కొలత ప్రకారము చేయుట దోషము కాదు. గుడారమును కొండమీద చూచిన మాదిరి చొప్పున చేయుమని దేవుడే మోషేకు ఆజ్ఞాపించెను (నిర్గమ 25:40). అయితే ఆ మాదిరిలో మనుష్యుల పేళ్లకును చోటుండెను. ఇశ్రాయేలు కుమారుల పేళ్లు రాళ్లమీద చెక్కి, యాజకుడు భుజములమీద మోయవలెను (నిర్గమ 28:9–12).

మన కాపరియు అట్టివాడే. మందను తలలు లెక్కించి ఊరకుండడు, పేరు పేరున పిలుచును. చెట్టుమీది జక్కయ్యను, సమాధియొద్ద ఏడ్చుచున్న మరియను పేరు పెట్టియే పిలిచెను (లూకా 19:5, యోహాను 20:16).

మన పితరులలో అనేకులను ఊరివారు కులము పేరుతోను, “ఓరీ” అనియు పిలిచిరి. బాప్తిస్మపు నీళ్లయొద్ద వారి సొంత పేరు పలుకబడెను. వారి పిల్లలమైన మనము గుడి ఊడ్చు అవ్వను, పశువులు కాయు పిల్లవానిని ఏమని పిలుచుచున్నాము? గోడలకు సున్నము వేసి, బల్లలు వరుసగా పెట్టి, వారి పేరెరుగకపోయినయెడల మన సంఘము అద్దాల బీరువాలోని పెట్టెయే గదా!

ఇంటిలో ఆలోచించుడి: మనకు పనిచేయు ముగ్గురి పేళ్లు చెప్పగలమా? వచ్చు ఆదివారము వారిని పేరు పెట్టి పలుకరించి, మన ప్రక్కనే కూర్చుండబెట్టుకొందము.

ప్రార్థన: మా పేళ్లెరిగిన ప్రభువా, మా తోడివారి పేళ్లను ప్రేమతో పలుకుటకు మాకు నేర్పుము. ఆమేన్.