పెసర వేరులో రక్తపు రంగు



గత వానాకాలంలో మా హాస్టల్‌లో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. మాలో చాలామంది చీటీల మీద హీమోగ్లోబిన్ 9, 10 అని రాసిచ్చారు. "రక్తం తక్కువున్నది" అని ఒకరినొకరు వెక్కిరించుకుంటూ ఉండగా, అగ్రికల్చర్ చదువుతున్న మా హాస్టల్ పాత విద్యార్థి అన్న ఒకరు వచ్చి, "మీకే కాదురా, పెసర చెట్టుకు సుత హీమోగ్లోబిన్ ఉంటది" అన్నాడు. మేము నమ్మలేదు.

ఆదివారం రేగోడ్ శివారులో ఒక రైతును అడిగి, నెల దాటిన నాలుగు పెసర మొక్కలను తవ్వి తీశాము. పీకితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, తప్పకుండా తవ్వాలి. బకెట్ నీళ్ళలో వేర్లు కడిగితే ఆవగింజంత, మిరియమంత బుడిపెలు కనిపించాయి. బ్లేడుతో కోస్తే లోపల గులాబీ రంగు! ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది. దీనిని 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో సోయాబీన్ బుడిపెల్లో గుర్తించాడు.

మొక్కకు ఇది ఎందుకు? బుడిపెలో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. ఆ పని చేసే నైట్రోజినేజ్ ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. కానీ బాక్టీరియా శ్వాసించాలంటే ఆక్సిజన్ కావాల్సిందే. ఈ చిక్కును లెగ్‌హీమోగ్లోబిన్ విప్పుతుంది. ఆక్సిజన్‌ను విడిగా తిరగనీయకుండా పట్టుకొని, బాక్టీరియాకు కొద్దికొద్దిగా అందిస్తుంది.

ఎలా పట్టుకుంటుంది అన్నదే అసలు పాఠం. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులుంటాయి. లెగ్‌హీమోగ్లోబిన్ చిన్నది, సుమారు 145 అమైనో ఆమ్లాల ఒకే గొలుసు. మన కండరాల్లోని మయోగ్లోబిన్ కూడా ఒంటి గొలుసే. దాని ఆకారాన్ని కెండ్రూ 1958లో చూపి, పెరూట్జ్‌తో కలిసి 1962లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అన్నింటిలోనూ గొలుసు మడతల మధ్య ఒక జేబు, జేబులో హీమ్, హీమ్ నడుమ ఇనుము ఉంటాయి. ఇనుముకు ఆరు చేతులు అనుకోండి. నాలుగు హీమ్ వలయాన్ని, ఐదవది హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటాయి. ఆరవది వాయువు కోసం ఖాళీ. ఆ ఖాళీ పక్కనే ఇంకో హిస్టిడిన్ కాపలా ఉంటుంది.

హీమ్ అన్నిట్లో ఒకటే. తేడా అంతా జేబులోనే. మయోగ్లోబిన్‌లో కాపలా హిస్టిడిన్ వచ్చిన ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. లెగ్‌హీమోగ్లోబిన్‌లో పక్కనున్న టైరోసిన్ ఆ హిస్టిడిన్ చేయి పట్టి ఆపుతుంది, పట్టు మరీ బిగియదు. లేకపోతే ఆక్సిజన్ ఇరుక్కుపోయి బాక్టీరియాకు అందేది కాదు. కింది హిస్టిడిన్ మాత్రం కొంచెం తిరిగి ఉండటం వల్ల ఇనుము చురుకుగా పనిచేస్తుంది. అందుకే మయోగ్లోబిన్‌తో పోలిస్తే సోయాబీన్ లెగ్‌హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను సుమారు 8 రెట్లు వేగంగా పట్టుకొని, సుమారు 3 రెట్లు నెమ్మదిగా వదులుతుంది. రెండూ కలిస్తే ఆకర్షణ 20 రెట్లకు పైనే.

ఈ జేబు మన ప్రాణానికీ కాపలాయే. విడి హీమ్ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆక్సిజన్ కంటే దాదాపు 20,000 రెట్లు బలంగా పట్టుకుంటుంది. మన హీమోగ్లోబిన్ జేబులో అది 200 రెట్ల చుట్టుపక్కలకు దిగుతుంది. అదీ తక్కువేం కాదు. బస్సులో సీటు పట్టి, దిగాల్సిన చోట దిగని ప్రయాణికుడి లాంటిది ఆ వాయువు. చలికాలంలో తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవకపోవడానికి కారణం ఇదే. ఇళ్ళకు వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకు ఈ ఒక్క ముక్క తప్పక చెప్పండి.

ఇంకా పొట్టి హీమోగ్లోబిన్లూ ఉన్నాయి. క్షయ బాక్టీరియాలోని ఒకదానికి 136 అమైనో ఆమ్లాలే. దాని నిర్మాణాన్ని 2001లో ప్రచురించారు. అందులో వాయువు హీమ్ దాకా నడిచే సొరంగం కనిపించింది. మన రక్షణ కణాలు ఆ క్రిమిని చంపడానికి వదిలే నైట్రిక్ ఆక్సైడ్‌ను, అది ఆక్సిజన్ సాయంతో నైట్రేట్‌గా మార్చి తప్పించుకుంటుంది. 2002లో దీనిపై వచ్చిన పరిశోధనలో చండీగఢ్ ఇమ్‌టెక్ వారి పాలు కూడా ఉంది. శత్రువైనా తెలివిగలది!

మళ్ళీ మన చేనుకు వద్దాం. యూరియా ఎక్కువ చల్లిన చేలో బుడిపెలు తక్కువ పడతాయి. మందు బస్తాకు అప్పు చేసే మా ఇళ్ళలో ఈ సంగతి ఇంతకుముందు తెలిస్తే బాగుండేది. పప్పుజాతి పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ 1972 నుంచి పటాన్‌చెరులో, పాత మెదక్ జిల్లాలోనే ఉంది. మేము మాత్రం వేరు తవ్వి చూసింది ఇప్పుడే.

కాయ ముదిరాక అదే చేనుకు ఇంకోసారి వెళ్ళాము. ఈసారి కోసిన బుడిపెల్లో గులాబీ లేదు, ఆకుపచ్చగా మారి మెత్తబడ్డాయి. లెగ్‌హీమోగ్లోబిన్ విరిగిపోయింది. రైతు అప్పటికే కాయ ఏరుతున్నాడు.