గోపురము కట్టువాని లెక్క
పాఠ్యభాగము: లూకా 14:28-30

గోపురము కట్టగోరువాడు ముందుగా ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు నేర్పెను. వేదాంత కళాశాలలో బి.డి. చదువగోరు యౌవనస్థుడును అట్లే చేయవలెను. లెక్క చూచుట అవిశ్వాసము కాదు.

1. వ్యయము: నాలుగైదేండ్ల ఫీజు, భోజనపు ఖర్చు మాత్రమే గాక, ఆ యేండ్లలో ఇంటికి రాని సంపాదనయు లెక్కలోనిదే.

2. రాబడి: అన్నేండ్లే చదివిన ఇంజనీరు జీతము పల్లె కాపరికి రాదు. అప్పుచేసి చదివినవాడు అప్పు తీరు చోటునే వెదకును; పల్లె సంఘము కాపరిలేక మిగులును.

3. భారము ఎవరిది? పౌలు కొరింథులో డేరాలు కుట్టి బ్రదికెను (అపొ. 18:3). అయినను సువార్తికుని పోషణ సంఘముల బాధ్యత యని ఆయనయే బోధించెను (1 కొరింథీ. 9:14). 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను పలు సంఘములు కలిసి స్థాపించినవి. భారము పంచుకొనుట మనకు క్రొత్త గాదు.

తండ్రులారా, పొలము తాకట్టు పెట్టకముందు సంఘ పెద్దలతో మాటలాడుడి. పెద్దలారా, ఆ బిడ్డ పిలుపు నిజమని మీరు ఒప్పుకొనినచో, కానుకల పెట్టెనుండి మీ పాలు ఇయ్యుడి.

ధ్యానమునకు ప్రశ్న: గత యేట మన సంఘము ఎవని వేదాంత విద్యకు ఎంత ఇచ్చెను?