యంత్ర నిదానం

తెలుగునాట మారుమూల గ్రామాలలో 'నైట్‌హాల్టు బస్సు' అనే మాట తెలియనివారు అరుదు. రాత్రి చివరి ప్రయాణికుణ్ణి దించిన పిమ్మట ఆ బస్సు రచ్చబండ దగ్గరనో, పాఠశాల ముంగిటనో ఆగిపోతుంది. డ్రైవరు, కండక్టరు అక్కడే విశ్రమిస్తారు. తెల్లవారుజామున అదే బస్సు పట్టణానికి బయలుదేరుతుంది. కూరగాయల గంపలు, పాల క్యానులు, ఆసుపత్రికి పోవలసిన వృద్ధులు, కళాశాల విద్యార్థులు అందరికీ అదే ఆధారం. అది తప్పితే మరొకటి పది గంటలకు గాని రాదు.

అటువంటి ఒక ఊరిలో అది వార్షిక పరీక్షలు జరిగే రోజు. పరీక్ష తొమ్మిది గంటలకు. పట్టణానికి గంట ప్రయాణం. అయిదున్నరకు డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను గిర్రున తిరిగింది గాని అందుకోలేదు. మరొకమారు తిప్పినా అదే తీరు. హాల్‌టికెట్లు చేతబట్టుకొని నిలిచిన పిల్లల ముఖాలు వాడిపోయాయి. చుట్టూ చేరినవారిలో ఒకరు బ్యాటరీ పోయిందన్నారు. మరొకరు డీజిల్ అయిపోయిందన్నారు. నలుగురు యువకులు అప్పటికే బస్సు వెనుకకు చేరి, తోయడానికి భుజాలు ఆనించారు.

సంస్కృతంలో 'నిదానం' అంటే మూలకారణం. రోగకారణ నిర్ణయాన్ని ఆయుర్వేదం ఈ మాటతోనే వ్యవహరించింది. మాధవకరుని గ్రంథం 'మాధవనిదాన'మనే పేరుతోనే ప్రసిద్ధి పొందింది. తెలుగువారు ఇదే మాటను తొందరపాటు లేకపోవడమనే అర్థంలోనూ వాడుకుంటున్నారు. ఈ రెండర్థాలు ఒక పదంలో కలియడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, చెడిన యంత్రం ముందు నిలిచినవానికి రెండూ కావలసినవే.

ఇంజను ఎందుకు అందుకోలేదో తెలియాలంటే అది ఎట్లా అందుకుంటుందో ముందుగా తెలియాలి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉంటుంది. డీజిల్ ఇంజనులో అది ఉండదు. పారిస్‌లో 1858లో జన్మించిన జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ ఊహించిన మార్గం వేరు. సిలిండరులోని గాలిని దాని పరిమాణంలో సుమారు పదహారవ వంతుకో, పద్దెనిమిదవ వంతుకో కుదించితే, ఆ గాలి అయిదు వందల డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోనికి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మితే అది తనంత తానే మండుతుంది. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో ఆయన ఇంజను ఈ విధంగా నడిచి, ఇంధనశక్తిలో నాలుగోవంతుకు పైగా పనిగా మార్చి చూపింది.

కనుక డీజిల్ ఇంజను మేల్కొనడానికి మూడు సమకూరాలి. తగినంత వేగంతో తిరగడం, తగినంత గాలి కుదింపు, సరియైన సమయంలో ఇంధనం. మెకానిక్కు పరీక్ష అంతా ఈ మూడింటిలో లోపించినదేదో కనుగొనడమే.

బస్సులో పన్నెండేసి వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిసి ఇరవైనాలుగు వోల్టులు ఇస్తాయి. తాళం తిప్పినప్పుడు 'టక్' మనే చప్పుడు మాత్రమే వచ్చి సెల్ఫ్ తిరగకపోతే, ముందుగా చూడవలసినవి బ్యాటరీ టర్మినళ్లు. వాటిపై పేరుకొన్న తెల్లని పొడియో, పచ్చని చిలుమో చాలు, కరెంటును అడ్డగించడానికి. బ్యాటరీ మార్చాలని తీర్మానించక ముందే, ఆ చిలుమును గీకి టర్మినళ్లను బిగించి చూడడం మంచిది. సెల్ఫ్ మందకొడిగా తిరిగితే మరొక చిక్కు. నెమ్మదిగా కుదిస్తే గాలి పిస్టను రింగుల సందులగుండా జారిపోతుంది, వేడి సిలిండరు గోడలకు పోతుంది, ఇంధనం మండదు.

బస్సును తోయడం ఇటువంటి సందర్భంలోనే పనికివస్తుంది. బ్యాటరీ బలహీనమైన బస్సును పూర్వం డ్రైవర్లు రాత్రి వేళ పల్లపు దారిలో నిలిపేవారు. తెల్లవారి బ్రేకు వదలితే చాలు, అదే దొర్లి అందుకునేది. కాని ఈ ఊరి బస్సు సెల్ఫ్ చురుకుగానే తిరిగింది. అది అనుభవజ్ఞుడైన డ్రైవరు గ్రహించాడు. తోయవద్దని యువకులను వారించి డిపోకు ఫోను చేశాడు. మరల మరల తాళం తిప్పలేదు. సెల్ఫ్‌ను పది పదిహేను సెకన్లకు మించి ఒక్కమారు తిప్పరాదు. తిప్పిన పిదప ఒక నిమిషమైనా విరామమివ్వాలి. లేనిచో మోటారు వేడెక్కుతుంది, ఉన్న బ్యాటరీ కూడా దిగిపోతుంది. ఆ ఉదయం ఆయన చేసిన మేలు ఈ సంయమనమే.

ఆరుంబావుకు మోటారుసైకిలుపై మెకానిక్కు వచ్చాడు. పానా తీయలేదు. "రాత్రి ఆపేటప్పుడు ఎట్లా నడిచింది?" అని అడిగాడు.

"బాగానే నడిచిందన్నా. ఎక్కుడులో కూడా లాగింది" అన్నాడు డ్రైవరు.

"ఒక్కసారి సెల్ఫ్ కొట్టు" అని, తాను వెనుకకు పోయి పొగగొట్టం వద్ద నిలిచాడు.

వైద్యునికి నాడి ఎటువంటిదో డీజిల్ మెకానిక్కుకు పొగ అటువంటిది. తిప్పినప్పుడు తెల్లని పొగ వస్తే ఇంధనం సిలిండరులోనికి పోతున్నది గాని మండడం లేదు. కుదింపు తగ్గిందో, ఇంధనం చిమ్మే సమయం తప్పిందో విచారించాలి. నల్లని పొగ వస్తే గాలి చాలడం లేదు, ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకొని ఉండవచ్చు. అసలు పొగయే రాకపోతే ఇంధనమే చేరడం లేదు.

పొగ రాలేదు. ట్యాంకులో డీజిల్ ఉన్నది. ఇంజనును ఆపే స్టాప్ కేబులు బిగుసుకొని, పంపును 'ఆపు' స్థితిలోనే పట్టి ఉంచిందేమోనని చూశాడు. ఈ చిన్న సంగతి మరచి పంపును విప్పదీసినవారు లేకపోలేదు. కేబులు సరిగానే ఉన్నది. ఇక మిగిలింది గొట్టాలలో గాలి.

ద్రవం కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పాత తరహా బస్సులలోని ఇంధన పంపు చిన్నపాటి కదలికతో డీజిల్‌ను నొక్కగా, వాతావరణ పీడనానికి సుమారు రెండు వందల రెట్ల ఒత్తిడి వద్ద నాజిల్ తెరుచుకుంటుంది. నడుమ గాలి బుడగ ఉంటే పంపు శ్రమ అంతా దానిని నొక్కడానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకోదు. రాత్రి బాగా నడిచి ఉదయం మొరాయించడానికి కారణం కూడా ఇందులోనే ఉన్నది. ట్యాంకు నుండి పంపుకు వచ్చే గొట్టంలో ఎక్కడో సన్నని పగులు ఉంటే, అది డీజిల్‌ను బయటికి కార్చదు, గాలిని లోపలికి పీలుస్తుంది. ఇంజను నడుస్తున్నంతసేపు ఈ లోపం పైకి తెలియదు. రాత్రంతా నిలిచి ఉన్నప్పుడు మాత్రం గాలి చొరబడి, గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోనికి వెనుదిరుగుతుంది.

మెకానిక్కు ఫిల్టరుపై ఉన్న స్క్రూను రెండు చుట్లు వదులుచేసి, ఫీడ్ పంపుకు ఉన్న చేతిపిడిని నొక్కసాగాడు. ముందుగా నురుగు వచ్చింది, తరువాత బుడగలు, చివరకు బుడగలేని నిండు ధార. స్క్రూ బిగించి, ఇంధన పంపు వద్ద కూడా అట్లే చేశాడు. తాళం తిప్పగానే ఇంజను ఒకటి రెండుమార్లు దగ్గి, అందుకుంది. పిల్లలు కేక వేశారు.

ఆయన మాత్రం ఇంజను ఆపించాడు. గాలి తీసినంత మాత్రాన గాలి వచ్చే దారి మూసుకోదు. గొట్టం వెంబడి వ్రేళ్లతో తడుముతూ పోగా, క్లిప్పు బిగించిన చోట రబ్బరు గొట్టం చివర ఎండి బీటవారి ఉన్నది. బీటవారిన రెండంగుళాలు కోసివేసి, మిగిలిన కొసను లోపలికి దూర్చి, క్లిప్పు బిగించి, మరల గాలి తీశాడు. కొత్త గొట్టం డిపోలో వేయవలసి ఉంటుందని డ్రైవరుకు చెప్పి, లాగ్‌షీటులో వ్రాశాడు.

ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే నేటి బస్సులకు ఈ విధానం అంతా అట్లే వర్తించదు. 2020 ఏప్రిల్ నుండి దేశంలో అమలులోకి వచ్చిన బి.ఎస్.-6 ప్రమాణాల బస్సులలో దోషమేదో కంప్యూటరు సంకేత రూపంలో చూపుతుంది. వాటి ఇంధన గొట్టాలలో ఒత్తిడి వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. ఇంజను తిరుగుతుండగా ఆ గొట్టాల నట్లను వదులుచేయడం ప్రాణాపాయం. పాత పద్ధతి నాజిల్ చిమ్మే తుంపరకే చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోయే శక్తి ఉన్నది. అయినను గాలి చొరబడడం, చిలుము పట్టడం, ఫిల్టరు మూసుకుపోవడం వంటివి వాటికీ తప్పవు. సంకేతం లోపమున్న చోటును సూచించినా, బీటవారిన గొట్టాన్ని వ్రేళ్లతో తడిమి పట్టుకోవలసినది మనిషే.

ఏడు గంటలకు కండక్టరు "రైట్ రైట్" అన్నాడు. మెకానిక్కు చేతుల నూనెను పాతగుడ్డతో తుడుచుకుంటూ, బస్సు మలుపు తిరిగేవరకు పొగగొట్టం వైపే చూస్తూ నిలిచాడు.